జ్వరంతో దీవులకు బయలుదేరేవారి గురించి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారములు. చలికాలం మొదలవుతూనే మీ పత్రికలో అండమాన్ విహారయాత్రల గురించి వ్యాసాలు, వాటి పక్కనే టూరు నిర్వాహకుల ప్రకటనలు రావడం ఏటా చూస్తున్నాము. ఏ దీవికి ఏ వేళకు పడవ ఉంటుందో, ఏ తీరంలో ఇసుక తెల్లగా ఉంటుందో, భోజనానికి మన రుచులు ఎక్కడ దొరుకుతాయో మీ వ్యాసకర్తలు ఓపికగా రాస్తున్నారు. శ్రీకాకుళం వైపు నుండి తెల్లవారుజామున పర్లాకిమిడి చేరే మీ పత్రికను మొదటి పేజీ నుండి చివరి పేజీ దాకా చదివే అలవాటు ఉన్నవాణ్ణి గనుక ఆ వ్యాసాలలో దాదాపు ఏదీ నేను విడిచిపెట్టలేదు. అయితే వాటిలో ఎక్కడా కనిపించని విషయం ఒకటి ఉన్నది. ప్రయాణం దగ్గరపడిన సమయంలో ఒంట్లో నలతగా ఉంటే, అప్పటికే స్నేహితులు దీవికి చేరి మన కోసం ఎదురుచూస్తూ ఉంటే, ఏమి చేయాలన్నదే ఆ విషయం. ఒడిశాలోని గజపతి జిల్లాలో ప్రభుత్వ ఆసుపత్రుల ల్యాబులలో మలేరియా స్లైడులు చూస్తూ ఉద్యోగం చేసి విరమించినవాడిగా, దీని గురించి నాలుగు మాటలు మీ పాఠకుల ముందు ఉంచే అవకాశం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

మా సరిహద్దు జిల్లాల నుండి అండమాన్ వెళ్ళేవారు ఈ మధ్య బాగా పెరిగారు. ఇందుకు విహారం ఒక్కటే కారణం కాదు. సోంపేట, పలాస, ఇచ్ఛాపురం ప్రాంతాల నుండి తరాల క్రితం వెళ్ళి అక్కడ స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల జనాభా సుమారు 3.8 లక్షలు కాగా, అందులో తెలుగు మాతృభాషగా గలవారు దాదాపు 13 శాతం. పోర్ట్ బ్లెయిర్‌గా మనం ఎరిగిన ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ, అక్కడి బజారులో మాత్రం ఎప్పటిలాగే మన యాసలోనే బేరమాడుకోవచ్చు. అందుచేత బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల వారికి ఆ దీవులు పరాయి దేశంలా అనిపించవు. చుట్టం ఇంటికి వెళ్ళినంత ధీమాగా బయలుదేరుతారు. ఒంట్లో బాగోకపోయినా వెనుకాడకపోవడానికి ఈ ధీమా కొంత కారణమని నా అభిప్రాయం.

మిగిలిన కారణం మొహమాటం. నలుగురు స్నేహితులు కలిసి గదులు తీసుకుంటారు, వాహనం మాట్లాడుకుంటారు, పడవ టికెట్లు ఒకేసారి కొంటారు. ఒకరు తప్పుకుంటే ఆ ఖర్చు మిగిలిన ముగ్గురి మీద పడుతుంది. పైగా పిల్లలు నెలల తరబడి ఎదురుచూసి ఉంటారు. ఫోను చేసి ‘‘కాస్త జ్వరంగా ఉంది’’ అని చెప్పబోతే అవతలివారు ‘‘సముద్రపు గాలి తగిలితే అదే పోతుంది, వచ్చెయ్యి’’ అంటారు. ఆ మాట అభిమానంతో అన్నదే గానీ, వైద్యం తెలిసి అన్నది కాదు. అయినా మనవాడు రెండు పారాసిటమాల్ మాత్రలు వేసుకుని, మిగిలిన పట్టీని జేబులో పెట్టుకుని బండి ఎక్కుతాడు.

కొంతకాలం క్రితం మా పాత సహోద్యోగులం కొందరం కుటుంబాలతో స్వరాజ్ ద్వీప్‌కు, అనగా 2018 చివర పేరు మారినా అందరూ ఇప్పటికీ హేవ్‌లాక్ అనే పిలిచే దీవికి, వెళ్ళాము. రాయగడలో ఉంటున్న ఒక మిత్రుడు పని ఒత్తిడి వల్ల మాతో రాలేక, తర్వాత భార్యాపిల్లలతో వచ్చి కలిశాడు. కాంట్రాక్టు పనుల మీద కొండ ఊళ్ళలో మకాం వేసి తిరిగే మనిషి. జెట్టీ మీద దిగేసరికే ముఖం వాడిపోయి ఉన్నది. మేమంతా ఎండకు గొడుగులు వేసుకుని నిలబడితే ఆయన మాత్రం స్వెట్టరు తొడుక్కుని ఉన్నాడు. అడిగితే ప్రయాణపు బడలిక అన్నాడు. రాత్రి భోజనంలో చేపల పులుసు ఆయనకు ప్రాణమని ప్రత్యేకంగా చేయించాము, ఆయన ముద్ద కూడా ముట్టలేదు. అర్ధరాత్రి దాటాక వణుకు మొదలైంది. రెండు దుప్పట్లు కప్పినా మంచం కదిలిపోయే వణుకు అది. తెల్లవారగానే దీవిలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుని వెళ్ళాము.

అక్కడ వైద్యుడు మొదట అడిగిన ప్రశ్న ‘‘ఎక్కడి నుండి వచ్చారు?’’ అని. విమానం ఎక్కినది విశాఖలో గనుక మా మిత్రుడు ‘‘విశాఖపట్నం’’ అన్నాడు. ఆ జవాబుతో ఆగి ఉంటే వైద్యుడి ఆలోచన ఎటు వెళ్ళేదో నేను చెప్పలేను. ఆయన ఉండేది రాయగడ అనీ, కిందటి వారాలన్నీ కొండ గ్రామాలలో రాత్రిళ్ళు పడుకున్నాడనీ పక్కనున్నవాళ్ళం చెప్పాక, వెంటనే వేలి కొన నుండి రక్తం తీసి కిట్టు మీద పరీక్ష చేశారు. ఫాల్సిపారం మలేరియా అని తేలింది. మందు మొదలుపెట్టి, తొలి పడవకే శ్రీ విజయపురం పంపించారు. అక్కడ ఆసుపత్రిలో ఉండి కోలుకున్నాడు, ఇప్పుడు కులాసాగానే ఉన్నాడు. ఆయన భార్య మాత్రం తాను చూడాలనుకున్న సముద్ర తీరాలకు బదులు ఆసుపత్రి వరండాను చూసి ఇంటికి తిరిగి వచ్చింది. మాలో కొందరు తర్వాతి దీవికి వెళ్ళడం మానుకుని వారికి తోడుగా ఉండిపోయారు. ఎవరూ ఆయన్ను ఒక్క మాట అనలేదు.

ఈ సంగతి రాయడం ఆ మిత్రుణ్ణి తప్పుపట్టడానికి కాదు. ఒడిశా దక్షిణ జిల్లాలవారికి జ్వరం అనేది మిగిలిన ప్రాంతాలవారి జ్వరం వంటిది కాదని చెప్పడానికి. గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కనగిరి, కంధమాల్ జిల్లాలలో మలేరియా ఏనాటి నుండో పాతుకుని ఉన్నది, అందులోనూ ప్రాణం మీదకు తెచ్చే ఫాల్సిపారం రకమే ఎక్కువ. 2017లో రాష్ట్ర ప్రభుత్వం ‘దమన్’ పేరుతో దారి లేని గ్రామాలకు సైతం వెళ్ళి, జ్వరం ఉన్నా లేకున్నా ఊరంతటికీ రక్త పరీక్ష చేసే కార్యక్రమం మొదలుపెట్టింది. జ్వరం లేనివారిని ఎందుకు పరీక్షించడమని అప్పట్లో మా సిబ్బందిలోనే కొందరు గొణిగారు. అయితే ఏ బాధా లేకుండా తిరిగేవారి రక్తంలోనూ మలేరియా క్రిములు ఉండవచ్చుననీ, వారి నుండి దోమ ద్వారా ఇతరులకు చేరవచ్చుననీ తెలిశాక గొణుగుడు ఆగింది. తర్వాతి కొన్నేళ్ళలో కేసులు బాగా తగ్గాయి. తగ్గాయంటే పోయాయని మాత్రం కాదు.

ప్రయాణికులు తెలుసుకోవలసిన అసలు సంగతి కాలానికి సంబంధించినది. ఫాల్సిపారం క్రిమిని మోసే దోమ కుట్టిన తర్వాత జ్వరం రావడానికి సాధారణంగా తొమ్మిది నుండి పద్నాలుగు రోజులు పడుతుంది. వైవాక్స్ అనే మరో మలేరియా రకానికి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది, పైగా అది కాలేయంలో దాగి ఉండి నెలల తర్వాత కూడా తిరగబెట్టవచ్చు. అంటే దసరా సెలవులకు మా జిల్లాలోని మోహన అనే ఊరి వైపు అత్తవారింట ఉండి వచ్చినవాడికి, ఇంటి దగ్గర నిక్షేపంగా ఉండి, దీవిలో దిగిన మరునాడు జ్వరం తగలవచ్చు. ఇక బయలుదేరే నాటికే జ్వరం ఉన్నవాడి సంగతి వేరే చెప్పనక్కరలేదు. పారాసిటమాల్ ఒంటి వేడిని దించుతుందే తప్ప క్రిమిని ఏమీ చేయదు. విమానాశ్రయం దాటేదాకా ఒళ్ళు చల్లగా ఉంచి, లోపల జబ్బును పెరగనిస్తుంది. ఫాల్సిపారం ఒకటి రెండు రోజులలోనే మెదడుకు, మూత్రపిండాలకు ముప్పు తెచ్చే స్థితికి చేరగలదు. ఆ ఒకటి రెండు రోజులను ఓడ మీద గడిపేవారిని తలచుకుంటే నాకు భయం వేస్తుంది. విశాఖ రేవు నుండి అరుదుగా నడిచే ఓడలో శ్రీ విజయపురం చేరడానికి రెండు రోజులకు పైగా పడుతుంది, మధ్యలో దిగే చోటు లేదు.

పరీక్ష చేయించుకోవడమేమైనా కష్టమా అంటే అదీ కాదు. మా జిల్లాలలో ప్రతి ఆశా కార్యకర్త దగ్గర కిట్టు ఉండాలి, పావుగంట నుండి ఇరవై నిమిషాలలో ఫలితం తెలుస్తుంది, రుసుము లేదు. ఫాల్సిపారం అయితే ప్రధాన వైద్యం మూడు రోజులది. వైవాక్స్ అయితే మూడు రోజుల క్లోరోక్విన్‌తో పాటు, దాగి ఉన్న క్రిమిని చంపడానికి పద్నాలుగు రోజుల ప్రైమాక్విన్ వేసుకోవాలి. అయిదో రోజుకు బాగుందనిపించి ఆ మాత్రలు ఆపేసేవారే ఎక్కువ, విహారానికి వెళ్ళినప్పుడు మరీను. పరీక్షలో ఏమీ లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే డెంగీ ఉన్నదేమో చూడాలి. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఒళ్ళు నొప్పులకని మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి మింగడం రక్తస్రావానికి దారి తీయవచ్చు.

ఇక దీవుల సంగతి. అండమాన్ నికోబార్‌లో వందలాది దీవులున్నా మనుషులు నివసించేవి ముప్పై పైచిలుకు మాత్రమే, వాటన్నిటికీ కలిపి పెద్ద రిఫరల్ ఆసుపత్రి శ్రీ విజయపురంలోని జి.బి. పంత్ ఆసుపత్రి. స్వరాజ్ ద్వీప్‌లో గానీ, నీల్ అని పిలిచే షహీద్ ద్వీప్‌లో గానీ జబ్బు ముదిరితే సముద్రం దాటి అక్కడికే రావాలి. పడవ మీద గంటన్నర నుండి రెండున్నర గంటల దాకా ప్రయాణం. ఆ దీవులు దేశానికి బాగా తూర్పున ఉన్నందువలన గడియారం మనదే అయినా శీతాకాలంలో సాయంత్రం ఐదింటికే పొద్దు గూకుతుంది, ఆ తర్వాత మామూలు ప్రయాణికుల పడవలు నడవవు. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే పగలూ నడవవు. పర్లాకిమిడిలో అర్ధరాత్రి ఒంట్లో బాగోకపోతే ఏదో ఒక బండి మాట్లాడుకుని బరంపురం వైద్య కళాశాలకో, శ్రీకాకుళానికో పోవచ్చు. దీవిలో తెల్లవారేదాకా కూర్చోవలసిందే. ఆ రాత్రి మేమూ అలాగే కూర్చున్నాము.

జలుబే కదా అనుకునేవారికి కూడా ఒక మాట. ముక్కు దిబ్బడ ఉన్నప్పుడు విమానం కిందికి దిగేటప్పుడే చెవులు నొప్పి పెడతాయి. అదే మనిషి మరునాడు డైవింగుకు దిగితే, నీటిలో పది మీటర్ల లోతుకు వెళ్ళేసరికి ఒంటి మీద ఒత్తిడి రెట్టింపు అవుతుంది. ముక్కు మూసుకుపోయి ఉంటే చెవి లోపలి గాలి సర్దుకోలేక కర్ణభేరి చిరిగే ప్రమాదం ఉన్నది. దిగేముందు ఇచ్చే ఆరోగ్య పత్రంలో ఈ ప్రశ్న తప్పనిసరిగా ఉంటుంది. డబ్బు కట్టేశామని, ఫొటోలు పోతాయని, జలుబు లేదని టిక్కు పెట్టేవారిని కళ్ళారా చూశాను.

ఇప్పటిదాకా చెప్పినది వెళ్ళేవారి క్షేమం గురించి. అక్కడ ఉండేవారి క్షేమం ఒకటి ఉన్నదని మన యాత్రా వ్యాసాలు పూర్తిగా మరచిపోతున్నాయి. దీవులకు చాలా రోగాలు ఓడ ఎక్కి, విమానం ఎక్కి వచ్చినవే. బ్రిటిషువారు 1858లో అక్కడ ఖైదీల స్థావరం పెట్టిన తర్వాత, 1877లో తట్టు సోకి అక్కడి ఆదివాసులైన గ్రేట్ అండమానీయులు పెద్ద సంఖ్యలో చనిపోయారు. వేలల్లో ఉండిన ఆ జాతివారు నేడు పదుల సంఖ్యలో మిగిలారు. అది పాత కథ అనుకోనక్కరలేదు. ఆ దీవుల అడవులలో ఉండే మరో గిరిజన జాతి జారవాలలో 1999లోను, మళ్ళీ 2006లోను తట్టు వ్యాపించింది. ఆంధ్రలోను, దేశంలోని ఇతర ప్రాంతాలలోను చికున్‌గున్యా కీళ్ళు విరగగొట్టిన 2006లోనే ఆ జబ్బు దీవులలోనూ విరుచుకుపడింది. మలేరియాను మోసే దోమ కూడా అక్కడ ఉన్నది, అది ఉప్పు కలిసిన నీటి మడుగులలో గుడ్లు పెట్టే రకం. జ్వరంతో వెళ్ళిన మనిషిని ఆ దోమ కుడితే ఆ తర్వాత ఎవరిని కుడుతుందో మన చేతిలో లేదు.

బారాటాంగ్ సున్నపురాయి గుహలు చూడబోయేవారు జిర్కాటాంగ్ దగ్గర నుండి జారవాల అడవి మధ్యగా కాన్వాయ్‌లో వెళతారు. దారిలో ఆగరాదు, ఫొటోలు తీయరాదు, తినుబండారాలు ఇవ్వరాదు. ఈ నిబంధనలన్నీ ఆ గిరిజనుల రక్షణ కోసం 1956లో చేసిన చట్టం వెలుగులో వచ్చినవే. చట్టానికి వెరచి మనవారు వాటిని పాటిస్తున్నారు, సంతోషం. కానీ దగ్గుతూ, చీదుతూ ఆ దారిన పోరాదని బోర్డు మీద రాసి ఉండనవసరం లేదు కదా! మా కొండలలోని లంజియా సవర గిరిజనుల ఊళ్ళ మధ్య ఉద్యోగం చేసిన మావంటివారికి, పట్నం నుండి వచ్చిన ఒక్క మనిషి తట్టునో కళ్ళకలకనో సంతకు మోసుకుని వస్తే కొండ ఊరు ఎన్ని వారాలు మూలుగుతుందో తెలుసు.

డబ్బు ప్రస్తావన లేకుండా ఈ విషయం పూర్తి కాదు. ‘‘రద్దు చేస్తే పైసా రాదు’’ అనే మాట మా ఊళ్ళో టికెట్లు చేసిపెట్టే దుకాణాలలో తరచుగా వింటాము. అది పూర్తిగా నిజం కాదు. పౌర విమానయాన డైరెక్టరేట్ నిబంధనల ప్రకారం, మూల ఛార్జీ వెనక్కి ఇవ్వని చవక టికెట్టు అయినా సరే, ప్రయాణికుడు రద్దు చేసుకుంటే పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి ఇచ్చితీరాలి. రద్దు రుసుము కూడా మూల ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జీల మొత్తాన్ని మించరాదు. అడగనివారికి ఎవరూ పిలిచి ఇవ్వరు, అంతే. టూరు నిర్వాహకుల విషయంలో మాత్రం ఇంత స్పష్టత లేదు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడలలో బృందాలను తీసుకుని వెళ్ళేవారు, వైద్యుడి చీటీ చూపిన ప్రయాణికుడికి ఒకసారి ఉచితంగా తేదీ మార్చే షరతును రసీదు మీదే ముద్రించాలి. లేదా మరొకరిని అతని బదులు పంపుకునే వీలైనా ఇవ్వాలి. మలేరియా జిల్లాలలో వ్యాపారం చేసేవారికి ఇది తప్పనిసరి బాధ్యతగా ఉండాలని నా ఉద్దేశం. ఇందువల్ల వారికి కొంత నష్టం ఉంటుందని నేను ఒప్పుకుంటాను. దీవిలో జబ్బుపడిన ప్రయాణికుడిని వెంటబెట్టుకుని బృందాన్ని నడపడంలో ఉన్న తిప్పలకన్నా అది ఎక్కువ ఉండదని కూడా అనుకుంటున్నాను.

స్నేహితుల బాధ్యత మరింత పెద్దది. ముందు వెళ్ళినవారు తమ వాటా ఖర్చు పెరుగుతుందన్న ఊసు ఎత్తకుండా, ‘‘నీవు పరీక్ష చేయించుకుని, ఏమీ లేదంటేనే బయలుదేరు, లేకపోతే మరోసారి చూద్దాం’’ అని తామే ఫోను చేసి చెప్పాలి. మానుకోవలసినవాడి నోట ఆ మాట రావడం కష్టం, ఎదురుచూసేవారి నోట రావడం తేలిక. శ్రీ విజయపురంలో చుట్టాలో స్నేహితులో ఉన్నవారి విషయంలోనైతే అవతలివారు ఎన్నటికీ రావద్దనరు. ఊరి మనిషి వస్తున్నాడంటే పనులు మానుకుని రేవుకు వచ్చి నిలబడే మనుషులు వారు. జ్వరంతో వెళితే తమ గది ఖాళీ చేసి ఇచ్చి, తాము హాలులో పడుకుని, పథ్యం వండిపెట్టి, సెలవు పెట్టి ఆసుపత్రి చుట్టూ తిరుగుతారు. అంత మంచివారిని అంత శ్రమ పెట్టడం ఏ మర్యాద అవుతుందో అతిథే ఆలోచించుకోవాలి. బీపీ, షుగరు ఉన్న పెద్దలను, గర్భిణులను తీసుకుని వెళ్ళేవారు వైద్యుణ్ణి అడిగి వెళ్ళడం ఎలాగూ అవసరమే.

ఎంత చెప్పినా కొందరికి వెళ్ళక తప్పదు. పెళ్ళి కావచ్చు, ఏళ్ళ తర్వాత విదేశం నుండి వచ్చిన మిత్రుడు కావచ్చు. అటువంటివారు జ్వరం విడిచి, మందుల కోర్సు ముగించి, వైద్యుడు సరేనన్నాకే బయలుదేరాలి. పరీక్ష చీటీని, వాడిన మందుల పేర్లను వెంట ఉంచుకోవాలి. మొదటి రెండు రోజులు చిన్న దీవులకు పోకుండా శ్రీ విజయపురంలోనే ఉండడం మేలు. అన్నిటికన్నా ముఖ్యంగా, అక్కడ ఏ వైద్యుడు అడిగినా విమానం ఎక్కిన ఊరి పేరు కాక, కిందటి నెల రోజులలో రాత్రిళ్ళు పడుకున్న ఊళ్ళ పేర్లు చెప్పాలి. ఇక మానుకున్నవారికి సముద్రం దూరమైపోదు. గోపాలపూర్, బారువ తీరాలు మాకు చేరువలోనే ఉన్నాయి, ఒళ్ళు కుదుటపడ్డాక ఒక పూట వెళ్ళి రావచ్చు.

చివరగా మీకు ఒక విన్నపం. మీ యాత్రా వ్యాసాల పక్కన హోటళ్ళ వివరాలు ఇస్తున్న చోటే, ఆయా దీవులలోని ఆరోగ్య కేంద్రాల వివరాలు, సాయంత్రం చివరి పడవ వేళ, జ్వరం పరీక్ష చేయించుకున్నాకే బయలుదేరవలసిన జిల్లాల పేర్లు కూడా చిన్న పట్టికగా వేయండి. సంక్రాంతి సెలవులకు టికెట్లు కొన్నవారు మా వీధిలోనే చాలామంది ఉన్నారు. డిసెంబరు రెండో వారం లోపల వస్తే, తేదీ మార్చుకోవలసినవారికి ఇంకా సమయం ఉంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.